పళ్ళు చూడని రెండువేల మంది

సెత్తాత్, సోమవారం

నా బంగారు ఘిజ్లాన్‌కి,

మీ మావయ్య బూష్తా సలాం. మొత్తానికి మూడువందల పన్నెండు పొట్టేళ్ళూ అమ్మకానికి వెబ్‌సైటెక్కాయి! పేజీ తెరిస్తే చాలు, కళ్ళకు నల్లకాటుక పెట్టుకున్నట్టుండే మన పొట్టేళ్ళు పన్నెండు, వీడియోల్లో వాటంతటవే నడుస్తాయి, అరుస్తాయి. పైన బక్రీద్‌కి ఇంకా ఎన్ని సెకన్లో చెప్పే గడియారం. అంతా మా బడిపంతులు ఇద్రీస్ పనితనం.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉన్నప్పుడు పండగ పొద్దున ఊరంతా ఒకేసారి రిసీవరెత్తేది. ఉన్నవి యాభై లైన్లు. ఓ ఏడాది ఒక పెద్దమనిషిని వాళ్ళ అత్తగారికి బదులు కబేళాకి కలిపాను. పది నిమిషాలు మాట్లాడాక గానీ ఆయనకు తేడా తెలియలేదు. సరే, అది వదిలెయ్.

అసలు సంగతి. నా మాట నమ్మి నలభై కాపరి కుటుంబాలు ఈసారి సంత మానేశాయి. వచ్చే ఆదివారం సాయంత్రం నెలవంక కబురు రేడియోలో రాగానే జనం ఒక్కసారిగా సైటు మీద పడతారు. అప్పుడది కూలితే పొట్టేళ్ళు మిగిలిపోతాయి, నేను ఊళ్ళో తలెత్తుకోలేను. సైట్ల మీదకి జనాన్ని తోలి చూడటమే నీ ఉద్యోగమట కదా! మా సైటు మీదకీ తోలు.

నీ మావయ్య,
బూష్తా

*

కాసాబ్లాంకా, మంగళవారం

మావయ్యా,

పాస్! నీ పొట్టేళ్ళు పాసయ్యాయి! రెండువేల మంది కల్పిత కొనుగోలుదారుల్ని ఒకేసారి తోలాను. అందరికీ అరసెకనులో పేజీ అందింది. ఆఫీసులో గంతులేశాను, పక్క సీటతను టీ ఒలకబోసుకున్నాడు. కొనే బొత్తం కూడా పనిచేస్తోందో లేదో చూద్దామని, నంబరైనా చూడకుండా ఒక పొట్టేలుని కొన్నాను. తర్వాత తీసేస్తాలే. నిశ్చింతగా పడుకో.

నీ గారాల
ఘిజ్లాన్

*

సెత్తాత్, బుధవారం

తల్లీ ఘిజ్లాన్,

నీ ఉత్తరం కాఫీ కొట్టులో గొంతెత్తి చదివాను. అందరూ చప్పట్లు. సైటులో పద్దెనిమిది పొట్టేళ్ళు పెట్టిన తమూ మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంది.

"బూష్తా, ఆ రెండువేల మందిలో ఒక్కరైనా పళ్ళు చూశారా?"

"కల్పిత మనుషులమ్మా. వాళ్ళకి చేతులెక్కడివి?"

"అంటే గేటు దగ్గర బోర్డు చదివేసి ఇంటికెళ్ళిపోయారన్నమాట! వాళ్ళని లెక్కపెట్టుకుని మురిసిపోతున్నావా? మా ఆయనే నయం, సంతకెళ్తే పొట్టేలు తోకైనా చూసొస్తాడు."

కొట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఇంటికి రాగానే ఇది రాస్తున్నాను. పళ్ళు చూసి వయసు కట్టకుండా మన దగ్గర పొట్టేలు కొనే మనిషి ఇంకా పుట్టలేదు కదా! ప్రతి వీడియోలోనూ నోరు తెరిచి చూపించింది అందుకే. నిజం చెప్పు, నీ వాళ్ళు ఆ వీడియోలు చూశారా?

కంగారులో ఉన్న
మావయ్య

*

కాసాబ్లాంకా, శుక్రవారం

మావయ్యా,

తమూ అత్త చేతులు ముద్దుపెట్టుకుంటున్నానని చెప్పు. నా వాళ్ళు నిజంగానే బోర్డు చదివి వెళ్ళిపోయారు! పేజీలో రాత మాత్రమే అడిగారు. వీడియోలు అడగలేదు, గడియారాన్ని నడిపే స్క్రిప్టు, అంటే ఆ చిన్న ప్రోగ్రామూ అడగలేదు. ఈసారి అన్నీ అడిగేలా తోలాను. నూట నలభయ్యో మనిషి దగ్గర సైటు కుప్పకూలింది.

సిగ్గేసింది, కానీ ఒళ్ళు పులకరించింది కూడా! దొంగ దొరికాడు కదా. ఇద్రీస్ గారూ నేనూ కూర్చుని సరిచేశాం. ఇకపై మొదట బొమ్మ మాత్రమే కనిపిస్తుంది, నొక్కితేనే పొట్టేలు నోరు తెరుస్తుంది. గడియారం సైటుని నడిపే సర్వర్‌ని టైము అడగడం మానేసి ఎవరి ఫోన్లో వాళ్ళే చూసుకుంటుంది. ఇప్పుడు మూడువేల మందినీ మోస్తోంది!

ఒక్కటే అర్థం కాలేదు. పేజీలో ఇంకో స్క్రిప్టు దాక్కుని ఉంది. సైటు తెరిచిన ప్రతి ఫోనూ సెకనుకోసారి "ఎనభై ఎనిమిదో పొట్టేలుని ఎవరైనా చూస్తున్నారా?" అని సర్వర్‌ని అడుగుతోంది. సగం బరువు దానిదే! ఇద్రీస్ గారిని అడిగితే దగ్గి మాట మార్చారు. దాన్ని పీకేశాను. ఇంకో వింత, వీడియోలో నోరు తెరవని పొట్టేలు కూడా అదొక్కటే.

నీ
ఘిజ్లాన్

*

సెత్తాత్, సోమవారం

నా కంటివెలుగు ఘిజ్లాన్‌కి,

నిలబడింది! నిన్న రేడియోలో నెలవంక కబురు వచ్చిన గంటలో పొట్టేళ్ళన్నీ అమ్ముడైపోయాయి. తమూ నా భుజం మీద చరిచిన చరుపుకి ఇప్పటికీ చెయ్యి లేవడం లేదు. ఎడమచేత్తో రాస్తున్నాను, అక్షరాలకి క్షమించు.

ఇక దాచడం నావల్ల కాదు. ఎనభై ఎనిమిది నాదే. తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచాను. నావాటిలో దీన్నొక్కదాన్నే దాచుకుంటే నలభై ఇళ్ళవాళ్ళు నన్నెలా నమ్ముతారు? అందుకే పెట్టాను. పెట్టి, ఎవరూ కొనకూడదని నోరు తెరవకుండా వీడియో తీశాను. ఎవరైనా చూస్తే నా ఫోను మోగేలా ఇద్రీస్‌ని బతిమాలి ఆ స్క్రిప్టు పెట్టించాను. అది నలభై కుటుంబాల నెత్తిన కూర్చుంటుందని ఈ ముసలాడికేం తెలుసు!

నిన్న రబాత్ వ్యాపారి ఒకాయన ఫోన్ చేసి అరిచాడు: "ఆ ఎనభై ఎనిమిది నాకు కావాలయ్యా! పళ్ళు చూడకపోయినా పర్లేదు. ఎన్నిసార్లు నొక్కినా అమ్ముడైందంటుందేం?" ఫోను పెట్టేసి ఇద్రీస్ దగ్గరికి పరిగెత్తాను. ఎవరు కొన్నారు? ఇద్రీస్ వెతికి చూస్తే, మంగళవారమే కొన్నారట. పేరు "పరీక్ష ఒకటి", ఊరు కాసాబ్లాంకా.

తీసేస్తానని మరిచిపోయావు కదూ! నీ చెయ్యి చల్లగుండ! కొన్నవాళ్ళు రాకపోతే పొట్టేలు అమ్మినవాడి దగ్గరే ఉండాలన్నది మా కాపరుల సంఘం నియమం. పళ్ళు చూడకుండా కొన్నావు కాబట్టి నీ ఫిర్యాదూ చెల్లదు. పండగకి తమూ దగ్గర వేరే పొట్టేలు తీసుకున్నాను, నోరు తెరిపించే. పండక్కి తప్పకుండా రా. నీ పొట్టేలుని తీసుకెళ్ళడానికి మాత్రం రాకు.

నీ పొట్టేలుకి కాపలాదారు,
బూష్తా మావయ్య