ఉరికినవాడి మర్యాద

హిందూపురం,
బుధవారం

అప్పా గంగాధరా,

నువ్వు ఫోను ఎత్తవు. పదకొండుసార్లు చేశాను. ఒకసారి మీ ఆవిడ అమృత ఎత్తి, "పండుకోనుండాడు అన్నా" అని పెట్టేసింది. పొద్దున తొమ్మిదింటికి పడుకునే మనిషివి కాదు నువ్వు. అందుకే రాస్తున్నాను. నేను ఉత్తరం రాసి ఇరవై ఏళ్ళు దాటింది, తప్పులుంటే సర్దుకొని చదువు.

ఆ ఆదివారం సంగతి మళ్ళీ ఎత్తక తప్పడం లేదు. డ్రిల్లు మాస్టరు హనుమంతరాయుడు పెనుకొండ గ్రౌండులో ఈ నడిచే ఫుట్‌బాల్ మొదలుపెట్టినప్పుడు మనమంతా ఎంత నవ్వుకున్నాం! ఉరకకూడదు, నెట్టకూడదు, బంతి నడుము దాటి లేవకూడదు. ఇదేం ఆట అన్నావు నువ్వే. తర్వాత ధర్మవరం నుంచి ఒక్క వారం కూడా మానకుండా వచ్చిందీ నువ్వే. నా మోకాళ్ళు ఆ కాస్త నడకకు కూడా పనికిరాకపోతే, కండక్టరువి కదా, విజిల్ ఊదడం నీకు అలవాటే కదా అని నన్ను రెఫరీని చేశారు. ఎవరు ఉరికితే వాళ్ళను ఆపడమే నా పని.

ముప్పై ఏళ్ళు బస్సులో టికెట్ లేనివాణ్ణి ముఖం చూసి పట్టుకున్నవాణ్ణి నేను. ఆ కళ్ళతోనే నిన్ను చూశాను. బంతి తీసుకొని కదిలితే నీ ఒళ్ళు ముందుకు వంగేది. అడుగులు చిన్నవయ్యేవి, చిన్నవయ్యేకొద్దీ వేగం పెరిగేది. ఉరుకుతూ ఉరకనట్టు నటిస్తున్నాడు, దొరికాడు దొంగ అనుకున్నాను. మొదట్లో నవ్వుతూనే ఊదాను. ఆ రోజు మాత్రం ఇళ్ళవాళ్ళంతా చూడటానికి వచ్చారు కదా, నాకు కొమ్ములొచ్చాయి. నాలుగుసార్లు ఊదాను. నాలుగోసారి నిన్ను బయటికి పొమ్మన్నాను.

"నేను ఉరకలేదు సాదికా" అన్నావు.

"ఇంతమంది చూస్తాండారు, అబద్ధాలెందుకప్పా? ముసిలోనివైతివి, ఇంకా మోసం చేసే బుద్ధి పోలేదా?" అన్నాను. అమృత ముందర అన్నాను. నువ్వు పోయి గట్టు మీద కూర్చున్నావు. అమృత తెచ్చిన బొరుగుల ఉగ్గాని అందరం తిన్నాం, నువ్వు ముట్టలేదు. వీడి పౌరుషం సంగతి తెలిసిందే కదా అని నేను రెండోసారి పెట్టించుకొని మరీ తిన్నాను.

పోయిన వారం మీ వదిన సఫియాకు కళ్ళు చూపించడానికి పుట్టపర్తి ఆసుపత్రికి పోయాం. వరండాలో ఒక పెద్దాయన నడుస్తున్నాడు. ఒళ్ళు ముందుకు వంగింది, అడుగులు చిన్నవయ్యాయి, వేగం పెరిగింది. వెనక కూతురు "నిలబడు నాయనా, నిలబడు" అని అరుస్తోంది. ఆయన నిలబడలేదు. గోడకు చేతులు ఆనేదాకా పోతూనే ఉన్నాడు. గంగాధరా! అచ్చం నీ నడక.

"ఏమ్మా, నాయన అంత బిరబిరా పోతాండాడే?" అని అడిగాను.

"పోతాండేది ఆయన గాదు తాతా, కాళ్ళు. నరాల జబ్బు. ఆపుకోవల్లన్నా ఆయనకు చేతగాదు" అంది ఆ పిల్ల.

అప్పుడే ఇంకోటి గుర్తొచ్చింది. ఆట అయ్యాక పెనుకొండ స్టేషనులో టీ తాగేటప్పుడు నీ బొటనవేలు వణకడం నేను రెండు నెలలుగా చూస్తూనే ఉన్నాను. మగ్గం నేసిన చెయ్యి కదా, అలవాటు పోలేదనుకున్నాను. ఇంకో మాట కూడా చెప్పాలి, చెప్పకపోతే ఈ ఉత్తరం దండగ. నిన్ను పట్టుకోవడం నాకు బాగుండింది. రిటైరయ్యాక నా విజిల్‌కు భయపడేవాళ్ళు లేరు. నిన్ను ఆపిన ప్రతిసారీ మళ్ళీ యూనిఫారం వేసుకున్నట్టు ఉండేది. ఆ సుఖం కోసం జబ్బు మనిషిని దొంగను చేశాను.

మొన్న ఆదివారం గ్రౌండులో అందరి ముందూ నా తప్పు ఒప్పుకున్నాను. గంగాధరది మోసం కాదు, జబ్బు అని చెప్పి, విజిల్ మాస్టరు చేతిలో పెట్టేశాను. వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున పాసింజరుకు మీ ఊరు వస్తాను. తలుపు తీయకపోతే నీ అరుగు మీద కూర్చుంటాను. నీ కాళ్ళు పట్టుకోనీ. అంతకంటే అడగను.

నీకు ముఖం చూపించలేని
సాదిక్

*

ధర్మవరం,
మంగళవారం నుంచి శుక్రవారం దాకా

సాదికా,

నాలుగు రోజులుగా రాస్తున్నాను. అక్షరాలు రానురాను చీమలంత అవుతున్నాయి. అది కూడా జబ్బేనట. సఫియా వదినతో చదివించుకోవద్దు, భూతద్దం పెట్టుకొని నువ్వే చదువు.

జబ్బు సంగతి నాకు నీకంటే ముందే తెలుసు. ఉగాదికి ముందే పుట్టపర్తి డాక్టరు చెప్పాడు. అమృతతో నాకు మోకాళ్ళ నొప్పి అని చెప్పాను. మగ్గం ఎందుకు మానేశావు అని అడిగినవాళ్ళకు చూపు ఆనడం లేదని చెప్పాను. అయినా ఇంట్లో ఏదో పసిగట్టారు. గ్లాసు అందుకుంటే ముందే చెయ్యి అడ్డం పెడతారు. మెట్టు దిగితే మాటలు ఆగిపోతాయి. ఒక్క ఆ గ్రౌండులోనే, సాదికా, నేను తప్పు చేయగల మనిషిని.

నువ్వు విజిల్ ఊదితే నాకు కోపం వచ్చిందనుకున్నావా? గంగాధర ఉరుకుతున్నాడని పదిమంది అనుకుంటున్నారు! ఈ వయసులో, ఈ కాళ్ళతో! రైల్లో ఇంటికి వస్తూ లోలోపల ఎంత మురిసిపోయేవాణ్ణో నీకేం తెలుసు.

నువ్వు నన్ను మోసగాడన్న రోజు జబ్బు పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు మీ ముఖాలు చూశాను. అందరికీ నా మీద కోపం. ఒక్క ముఖంలోనైనా జాలి లేదు. నోరు మూసుకున్నాను. రోగి అనిపించుకోవడం కంటే మోసగాడు అనిపించుకోవడమే నాకు మర్యాదగా తోచింది. ఉగ్గాని ముట్టనిది పౌరుషంతో కాదు. ఆ పూట చెయ్యి నోటిదాకా పోలేదు, అంతే. మళ్ళీ రెండు వారాలు రానిది కూడా నీ మీద కోపంతో కాదు, ఇంటి వసారాలో రెండుసార్లు పడ్డాను. ఒళ్ళు కాస్త కుదుటపడితే ఇంకొక్క ఆదివారమైనా వచ్చి, నీ చేత మళ్ళీ తిట్టించుకొని పోవాలనుకున్నాను.

పోయిన వారం మంగళవారం మాస్టరు, ఇంకో ఇద్దరు వచ్చారు. యాపిల్ పండ్లు తెచ్చారు. "ఎట్లుండావు గంగాధరా? మందులు సక్కగ ఏసుకుంటాండావా?" అని మాస్టరు చెవిటివాడితో మాట్లాడినట్టు నిదానంగా, గట్టిగా అడిగాడు. ఎప్పుడూ నన్ను 'ఏమిరా దొంగా' అని తప్ప పిలవని మనిషి. అమృత గుమ్మం పక్కన నిలబడి అంతా విన్నది. వాళ్ళు పోయాక వంటింట్లోకి పోయి ఏడ్చింది. మనసు కుదిరే సమయం చూసి అమృతకు నేను చెప్పుకోవలసిన మాటను నువ్వు పెనుకొండ గ్రౌండులో చెప్పేశావు.

క్షమించమన్నావు. ఆ రోజు అన్నదానికైతే క్షమించేదేమీ లేదు, దాన్ని నేను పదిలంగా దాచుకున్నాను. మొన్న చేసిందే నావల్ల కావడం లేదు. మంచి మనసుతోనే చేశావు, నాకు తెలుసు. తెలిసినా నిద్ర పట్టడం లేదు. నన్ను తిట్టే మనిషి ఈ భూమ్మీద నువ్వొక్కడివే మిగిలి ఉండేవాడివి.

వస్తానన్నావు. తిట్టడానికైతే రా, ఇంట్లోకే రా. జాలి పడటానికైతే మాత్రం పెనుకొండలోనే రైలు దిగిపో సాదికా, ధర్మవరం దాకా రావద్దు.

ఇట్లు,
ఉరికిన గంగాధర