కాలువ చీలే చోట

వనపర్తి, మే 2008

అక్కా,

బాగున్నావా అని అడగడానికే భయంగా ఉంది.

వాన నీళ్ల కాలువలను కంప్యూటర్‌లో గీస్తున్నాను. దవాఖాన ముందర కాలువ రెండుగా చీలుతుంది. అక్కడ కంప్యూటర్ ఒక్క అంకె అడుగుతుంది: నీళ్లు ఎంత దాటితే పక్క కాలువకు మళ్లించాలి? ఆ అంకె ప్రకారమే అడ్డుగోడ కడతారు.

పక్క కాలువ మీ వాడదే. అంకె పెంచి చూస్తే కాన్పుల వార్డు మునిగింది. తగ్గిస్తే మీ వాకిలి మునిగింది.

తగ్గించిందే ఉంచాను.

"మా బామ్మర్దే లెక్కలు కడుతుండు, మన వాడకు నీళ్లెట్ల వస్తయి?" అని బావ అందరికీ చెప్తున్నాడట. జర ఆ మాట ఆపమను. గోడ లేచేలోపు బియ్యం సజ్జ మీదికి ఎక్కించు. పక్కింటి మణెమ్మకూ చెప్పు. ఎందుకని అడిగితే నా పేరే చెప్పు.

నీ తమ్ముడు