విప్పని చెప్పులు

నా చిట్టితల్లికి అమ్మ బోలెడు దీవెనలతో రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే నేనూ, నువ్వు నా నెత్తిన పెట్టి పోయిన పిల్లీ.

మోకాలి నొప్పి తగ్గిందా అన్నావు. తగ్గలేదు, అలవాటైంది. వేళకు తింటున్నావా అన్నావు. ఒక్కదాని కోసం వండుకోవాలంటే బద్ధకం. పిల్లికి పెట్టాలి కాబట్టి పొయ్యి వెలిగిస్తున్నాను.

ఇక మన ఊరి నాయకుడుగారి సంగతి. ఆడవాళ్లు ఖబరస్తాన్‌కి రాకూడదని మన మతం చెప్పలేదని ఆయన సభలో అన్నాడట, ఇలాంటివాడు ఒక్కడుంటే చాలని మురిసిపోతూ రాశావు. నాన్నను మట్టి చేయడానికి తీసుకెళ్లిన రోజు నువ్వు వాకిట్లోనే ఆగిపోయావు. ఆ మాట నీకెంత తీపిగా ఉంటుందో నాకు తెలుసు. కానీ నేనంత తేలిగ్గా నమ్మలేను తల్లీ.

పోయిన వారం ఆయన తల్లి చనిపోయింది. చివరి స్నానం చేయించడానికి, ఎవరింట్లో ఆడమనిషి పోయినా పిలిచినట్టే, నన్ను పిలిచారు. ఏళ్ల తరబడి మంచానపడ్డ ఆవిడకు సేవలు చేసిన పెద్దకూతురే నాకు నీళ్లందించింది. కర్పూరం నీళ్లు పోసి, తెల్లటి కఫన్ గుడ్డ చుట్టి తలుపు తీశాను. ఆమె గబగబా చెప్పులేసుకుని తమ్ముడి ముందు నిలబడింది.

"నేనూ వస్తాను. రావచ్చని నువ్వే అన్నావుగా."

"అన్నాను, కాదనను. బయట ఎంతమంది ఉన్నారో చూశావా అక్కా? ఈ ఒక్కసారికి ఊరుకో."

"అమ్మ ఇంకోసారి చనిపోతుందా?"

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. ఆ ఏడుపు నిజమే, నేను పక్కనే ఉన్నాను. అయినా ఆమెను వదిలేసి జనాజా మోసేవాళ్ల వెంట వెళ్లిపోయాడు. చుట్టాలంతా లోపలికి పోయారు, వాకిట్లో మేమిద్దరమే మిగిలాం. ఆమె చెప్పులు విప్పలేదు.

చెప్పనా వద్దా అని ఇంతసేపూ నాన్చుతున్న మాట ఒకటుంది. మర్నాడు పొద్దున్నే మేమిద్దరం ఖబరస్తాన్‌కి వెళ్లాం. కాపలాదారు "ఎవరి దగ్గరికమ్మా?" అని మాత్రం అడిగి గేటు తీశాడు. ఆమె తల్లి దగ్గర కూర్చుంది. నేను మీ నాన్న కోసం వెతుక్కున్నాను. అన్నేళ్లు కాపురం చేసిన మనిషి ఎక్కడున్నాడో నాకు కాపలాదారు చూపించాల్సి వచ్చింది. నువ్వు పక్కన లేవని ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది.

ఆ నాయకుడు రమ్మంటాడని ఎదురుచూడకు. సెలవు దొరకగానే నువ్వు రా. చోటు నాకు తెలిసింది, నేను తీసుకెళ్తాను.

ఇట్లు,
చెప్పులు గుమ్మంలోనే ఉంచుకున్న
మీ అమ్మ