గంగమ్మకు రెండో చేప

బాపూ,

నువ్వు పోయాక ఇవాళే మన చెరువులో మొదటి వల వేశాం. మొదట పడ్డ చేపను గంగమ్మకని నువ్వెప్పుడూ నీళ్లలోకే వదిలేవాడివి. ఈసారి పడింది దయ్యం చేప. సిద్దిపేటలో ఎవరో అక్వేరియంలో పెంచి, పెద్దదయ్యాక విసుగొచ్చి తెచ్చి చెరువులో వదిలారట. ఇప్పుడవి పెరిగిపోయి వలలు చింపుతున్నాయి, మన చేపల గుడ్లు తినేస్తున్నాయి.

"మొదటిది, ఇడిసిపెట్టురా. మీ బాపు ఏనాడు తప్పలే" అన్నాడు చిన్నాయన.

"ఇడిసిపెడితే చెర్వుల ఇవే మిగుల్తయి" అని గట్టు మీద గుంట తీసి పూడ్చేశాను. చిన్నాయన మొహం తిప్పుకున్నాడు.

రెండో వలకు మన బొచ్చె చేప పడింది. దాన్ని నీ పేరు తలుచుకుని వదిలాను.

గంగమ్మకు కోపమొస్తే నువ్వే నచ్చజెప్పు. నీ మాటైతే వింటుంది.