ఎవరూ అరవలేదు

తిరుపతి,
ఏప్రిల్ 20

ప్రియమైన చిన్నాయనకు,

నువ్వు పంపిన ఊరగాయ అందింది. ఉప్పు ఎక్కువైంది. అయినా సగం జాడీ అప్పుడే ఖాళీ. "ఫోన్లో మాట్లాడితే నీ పెదాలు కనబడవు గదా పాపా, జాబు రాయి" అని నువ్వన్నప్పటి నుంచి నేనూ ఉత్తరాలకే అలవాటు పడిపోయాను.

ఇక్కడ నా నెత్తిన పెద్ద పని పడింది. మా కేంద్రం నానా ఆఫీసుల కంప్యూటర్ పనులు చూస్తుందని నీకు తెలుసు కదా. ఒక గది నిండా నలభై మూడు సర్వర్లున్నాయి. ఒక్కోటి ఒక్కో పని పట్టుకుని పగలూ రాత్రీ కూర్చుని ఉంటుంది. సగం ముసలివి, కరెంటు తాగేస్తున్నాయి. పక్కగదిలో బీరువా అంత పెద్ద కంప్యూటర్, మెయిన్‌ఫ్రేమ్ ఉంది, దాని బలంలో పావు వంతు కూడా ఎవరూ వాడటం లేదు. దాన్ని గదులు గదులుగా విడగొట్టి, ఒక్కో గదిలో లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి, ఈ చిన్న సర్వర్లన్నిటినీ అందులో కాపురం పెట్టించాలి. లినక్స్ ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా విప్పి చూసుకోవచ్చు. ముందు ఎనిమిదింటితో ప్రయోగం. దాని ప్లాన్ నేనే రాయాలి. నెగ్గితే నా ఉద్యోగం పర్మనెంటు.

ఏ సర్వర్ ఎవరిదో, ఏం చేస్తుందో జాబితా కట్టాను. నలభై రెండింటికి యజమానులు దొరికారు. పదిహేడో నంబరుకు దొరకలేదు. మూలన, కింది అరలో ఉంది. దాని మీద "ఆపవద్దు – వెంకటరమణ" అని చీటీ అంటించి ఉంది. ఎందుకు ఆపకూడదో రాయలేదు. ఆయన ఇక్కడే పనిచేసి రిటైరై, నేను చేరకముందే చనిపోయారట.

నీది యంత్రాల బుర్ర. ఏమైనా సలహా చెప్పు.

నీ
నందిని

*

బంగారుపాళ్యం దగ్గర, తోట నుంచి,
ఏప్రిల్ 26

చిరంజీవి నందినికి దీవెనలు.

ఉప్పు తక్కువైతే బూజు పడుతుంది. ఎక్కువైందని ఏడిస్తే ఇంకో అన్నం ముద్ద కలుపుకో.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర ఇరవై ఆరేళ్లు చేసి చెవులు పోగొట్టుకున్నాను గానీ, అక్కడ నేర్చుకున్నది పోలేదు. ఆవిరి వాల్వు మూసే ముందు మా మేస్త్రీ రామచంద్ర ఒకటే చెప్పేవాడు. "పైపెమ్మడి కడదాకా నడిసి రాప్పా. ఆ కొసన ఎవుడుండాడో సూసినాకనే తిప్పు." ఒకసారి నడవకుండా తిప్పిన వాడి చెయ్యి కాలిన సంగతి నీకు చెప్పాను. ఆ పదిహేడో పెట్టె వైరు పట్టుకుని కడదాకా నడువు. నాకు తెలిసింది అంతే.

ఇక్కడ మామిడికాయ ముదిరింది. వాసనకు ఏనుగులు దిగుతున్నాయి. అడవి అంచున కెమెరాలు పెట్టినప్పటి నుంచి కొంత నయం. ఏనుగు గట్టు దాటితే నా ఫోన్‌కు మెసేజి వస్తుంది. నేను "సరే" అని జవాబు పెట్టేదాకా మళ్లీ మళ్లీ వస్తుంది. ఈ కొండల లోవలో సిగ్నల్ అందేది నా పాక దగ్గరి బండ మీదే కాబట్టి ఆ పని నాకప్పగించారు. జేబులో ఫోను వణికితే నేను ఇత్తడి తాంబాళం కొడతాను, పదకొండు తోటల వాళ్లూ ఇళ్లలోకి చేరతారు. "చెవిటోణ్ణి కాపలా పెట్టుకున్న ఊరు మనదేప్పా" అని మునెయ్య నవ్వుతాడు.

అతని భార్య ఆనందమ్మ ఇప్పటికీ సాయంత్రం సంగటి తెచ్చిస్తుంది. పిలిస్తే నాకు వినబడదని దారి మలుపులో నిలబడి కొంగు ఊపుతుంది. నిన్ను అడిగానని రాయమంది.

మీ చిన్నాయన
మునిచంద్ర

*

తిరుపతి,
మే 9

ప్రియమైన చిన్నాయనకు,

నీ మాట మా పై అధికారి ధనంజయ గారికి చెప్పాను. నవ్వారు. "కడదాకా నడిసేదానికి అది పైపు కాదు నందినీ. ఆపేసి సూడు. యజమాని ఉంటే వాడే అరస్తాడు. పద్నాలుగు దినాలు ఎవురూ అరవకుంటే అది సచ్చినట్టే" అన్నారు. మా వృత్తిలో అందరూ చేసేది ఇదే. నేనేమీ కొత్తగా చేయడం లేదు.

అయినా ఒకసారి తెరిచి చూశాను. అప్పుడప్పుడూ ఏదో బయటికి పంపుతున్నట్టుంది. వెంకటరమణ గారు రాసిన ప్రోగ్రాం అంతా చదివితే తెలుస్తుంది. చదవడానికి వారం పడుతుంది, నా దగ్గర వారం లేదు. నెలాఖరుకు నివేదిక ఇవ్వాలి. ఎనిమిది సర్వర్ల కాపీలు మెయిన్‌ఫ్రేమ్‌లో నడుస్తున్నాయి, పాతవీ పక్కనే నడుస్తున్నాయి, రోజూ రెండింటినీ పోల్చి చూడాలి. ఆ హడావుడిలో అన్నం కూడా క్యాంటీన్లో నిలబడే తింటున్నాను.

అయిదో తారీకు పొద్దున పదిహేడో దాన్ని ఆపేశాను. నాలుగు రోజులైంది. ఒక్క ఫోన్ కూడా రాలేదు. నీ మేస్త్రీ మీద గౌరవం ఉంది గానీ, ఈసారికి ధనంజయ గారే గెలిచేట్టున్నారు.

నీ
నందిని

*

తోట నుంచి,
మే 19

చిరంజీవి నందినికి,

నిలబడి తినవద్దు.

ఒక చిన్న సంగతి. రెండు వారాలుగా నా ఫోన్‌కు ఏనుగుల మెసేజి ఒక్కటీ రాలేదు. ఏనుగులు తమిళనాడు వైపు పోయినాయని ఊళ్లో అంటున్నారు. కానీ మొన్న తూర్పు గట్టు మీద పచ్చి పేడ చూశాను. మెసేజి వచ్చే నంబరుకే తిరిగి పంపితే పోవడం లేదు. సెల్‌ఫోన్ల కొట్టు ఆయన నా ఫోను చూసి బాగానే ఉందన్నాడు. ఎవరిని అడగాలో తెలియదు. కెమెరాలు పెట్టిన వాళ్లు ఎక్కడివాళ్లో ఇక్కడ ఎవరికీ గుర్తు లేదు. నువ్వు ఆ పనుల్లోనే ఉన్నావు కదా, వీలు చూసుకుని కనుక్కో. తొందరేమీ లేదు.

దీవెనలతో
చిన్నాయన

*

తిరుపతి,
మే 24

ప్రియమైన చిన్నాయనకు,

నీ ఉత్తరం అందగానే నీకొక మెసేజి పంపాను, నువ్వు వెంటనే "సరే" అన్నావు. ఫోన్‌కేమీ జబ్బు లేదు. మెసేజి రావడం లేదంటే ఏనుగులు రావడం లేదనే అర్థం. పేడ పాతదై ఉంటుంది. తాంబాళం అటక మీద పెట్టేసి కొన్నాళ్లు హాయిగా నిద్రపో.

నా ప్రయోగం నెగ్గింది. ఎనిమిది సర్వర్లూ కొత్త గదుల్లో కుదురుకున్నాయి, పాతవి ఆపేశాం. పదిహేడో దానికీ గడువు దాటింది, ఎవరూ అరవలేదు. ఊడదీసి స్టోరుకు పంపించాను. నివేదికలో "ఫిర్యాదులు: లేవు" అని రాసినప్పుడు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. వచ్చే నెల జీతం పెరుగుతుంది. నీకు మంచి చెప్పులు కొంటాను.

నీ
నందిని

*

తోట నుంచి,
జూన్ 4

నందినికి,

ఆనందమ్మ పోయింది.

ఆదివారం సాయంత్రం. ఇంకా వెలుగుంది. నేను దారికి వీపు పెట్టి కాయల పెట్టెలు సర్దుతున్నాను. పాదాల కింద నేల అదిరినట్టయితే తిరిగి చూశాను. ఒంటరి ఏనుగు చెట్ల మధ్యకు వెళ్లిపోతూ కనబడింది. మలుపు దగ్గర సంగటి గిన్నె పడి ఉంది. మిగతాది రాయలేను.

ఫోన్ తీసి చూశాను, మెసేజి లేదు. పెద్దమనుషులు అడిగితే అదే చెప్పాను. సరేనని తలలూపారు, కానీ ఎవరూ నమ్మలేదు. చెవిటివాడు, పని ధ్యాసలో జేబు వణికింది గమనించలేదని అనుకుంటున్నారు. తర్వాత భయపడి మెసేజి తుడిచేశానని కూడా కొందరు అన్నారట. వాళ్లను తప్పు పట్టలేను. నాకే అనుమానంగా ఉంది. వచ్చిందేమో. నాకే తెలియలేదేమో. వయసైపోయింది.

తాంబాళం వేరేవాళ్లకిచ్చేశారు. మునెయ్య నన్ను చూస్తే దారి మార్చుకుని పోతున్నాడు. నలభై ఏళ్ల స్నేహం. తిట్టినా బాగుండు.

చిన్నాయన

*

తిరుపతి,
జూన్ 12

చిన్నాయనా,

ఈ ఉత్తరం ఊళ్లో అందరి ముందూ చదువు. నువ్వొక్కడివే చదివి దాచుకోవద్దు.

నీ జేబు వణకలేదు. వణకడానికి ఏమీ రాలేదు.

నీ జాబు చదివాక స్టోరుకు వెళ్లి పదిహేడో సర్వర్‌ను తెచ్చి బల్ల మీద పెట్టి తెరిచాను. వెంకటరమణ గారి ప్రోగ్రాం చదివాను. వారం పడుతుందని నీకు రాశాను కదా, ఒక్క పూట పట్టింది. అడవి అంచు కెమెరాలు ఏనుగును చూస్తే ఈ పెట్టెకు చెబుతాయి. ఈ పెట్టె మనుషులకు చెబుతుంది. ఆయన ఎవరి కోసమో సొంతంగా చేసిపెట్టిన పని, ఏ రికార్డులోనూ లేదు. చివర పంతొమ్మిది నంబర్లున్నాయి. ఏడోది నీది. దాని పక్కన ఆయన ఇలా రాసుకున్నారు: "మునిచంద్ర. వినబడదు. ఫోన్ చేయవద్దు. జవాబు రాకుంటే మూడుసార్లు పంపాలి."

కెమెరాలో ఆ ఆదివారం బొమ్మ ఉంది. అయిదూ నలభైకి ఏనుగు గట్టు దాటింది. కెమెరా చెప్పింది. వినవలసిన పెట్టె మా స్టోరులో దుమ్ములో ఉంది. దాన్ని ఆపింది నేను. నువ్వు కడదాకా నడవమన్నావు, నడవలేదు. పచ్చి పేడ చూశానని రాశావు, పాతదన్నాను. నిద్రపొమ్మన్నాను.

ధనంజయ గారికి చెప్పాను. "దానికీ దీనికీ ముడి పెట్టొద్దు, నీ ఉద్యోగం సూసుకో" అన్నారు. నివేదికలో "ఫిర్యాదులు: లేవు" అన్న వాక్యం కొట్టేసి, జరిగింది రాసి, నా సంతకంతో ఆయన పైవాళ్లకు పంపాను. ఏమవుతుందో తెలియదు. పదిహేడో సర్వర్‌ను మళ్లీ నడిపిస్తున్నాను. నీకు మెసేజిలు వస్తాయి.

ఈ నెల ఇరవై రెండు, ఆదివారం, వస్తాను. మునెయ్య మామ ముందు నిలబడి నేనే చెబుతాను.

నందిని

*

తోట నుంచి,
జూన్ 17

నందినికి,

పాల కేంద్రం దగ్గర అందరూ ఉన్నప్పుడు చదివాను. అంతకుముందు నువ్వు రాసిన జాబులు కూడా తెమ్మన్నారు, అవీ చదివాను. నాకు నీ మీద కోపం ఉంది. దాచను. నువ్వు నా బిడ్డవే, అది కూడా దాచను.

మునెయ్య దూరంగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను చదవడం ముగించాక లేచి వచ్చి, మే నెల జాబులో ఒక చోట నా చేత వేలు పెట్టించి, అది మళ్లీ చదవమన్నాడు. "పదిహేడో దానికీ గడువు దాటింది, ఎవరూ అరవలేదు." మళ్లీ చదివాను. అప్పుడు నా గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకున్నాడు, పెదాలు కనబడాలని.

"అరిసింది మునిచంద్రా. నా ఆనందమ్మ అరిసింది. మూడు తోటల అవతల ఉన్న నాకే ఇనబడింది. నిన్ను పేరు పెట్టి పిలిసింది. ఏనుగొస్తాండాది, పాకలోకి పో, పాకలోకి పో అని నీకే సెప్పింది. పరిగెత్తకుండా ఆడనే నిలబడి అరిసింది."

పదిహేను రోజులుగా ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. నేను తట్టుకోలేనని చెప్పొద్దన్నది మునెయ్యేనట. అందుకే దారి మార్చుకుని పోయాడు.

తాంబాళం నాకు తిరిగిచ్చారు. నిన్న సాయంత్రం మెసేజి వచ్చింది. జవాబు పెట్టకుండా ముందు తాంబాళం అందుకున్నాను, మూడుసార్లూ వచ్చింది. కొట్టాను. అందరూ ఇళ్లకు చేరారు.

ఆదివారం రా. బస్సు దిగి నా దగ్గరికి రావద్దు. మలుపు దారిలో నడిచి నేరుగా మునెయ్య ఇంటికి వెళ్లు. అతను ఏమంటాడో నాకు తెలియదు. ఏమన్నా చివరిదాకా విను. నేను ఆ ఇంటి అరుగు మీదే కూర్చుని ఉంటాను.

చిన్నాయన