పసుపు మంచానికి రంగు వేసిందెవరు?

మీరు అబద్ధం చదివి చప్పట్లు కొట్టారు. నా కూతురిని తప్ప మిగతా అందరినీ అంటున్నాను: చెల్లెలిని, ఆడపడుచుని, నా పుస్తకాలు అచ్చువేసే పెద్దమనిషిని. పాప గదికి నా చేతులతో రంగులు వేశానని నేను రాసిన వ్యాసానికి కళ్లు తుడుచుకున్నారు. ఉల్లిపాయ తరగడానికి బద్ధకించే ఈవిడ మంచం కోళ్లకి చుక్క కారకుండా రంగెలా వేసిందని ఒక్కరూ అడగలేదు.

నాకు యాభై రెండేళ్లు. మతి స్థిమితంగానే ఉంది, పన్నెండేళ్లుగా స్థిమితం లేనిది మనసుకే. ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. అమలు బాధ్యత మా చెల్లెలిది.

1. ఇల్లూ, బ్యాంకులో ఉన్నదీ నా కూతురికి. ఇందులో వాదన లేదు.

2. నా ఆడపడుచుకి నాలుగు బ్రష్షులు. టర్పెంటైన్‌లో కడగకుండా వదిలేస్తే కర్రల్లా బిగిసిపోయాయి. పాత సామాన్ల కొట్టు నుంచి మంచం, చిన్న బీరువా, రాతబల్ల తెచ్చిన రోజున, "వదినా, నీ పట్టంతా మాటల్లోనే, పనికి మనిషిని పెట్టుకో" అంది. రెండేళ్లు ఆమెతో మాట్లాడలేదు. పాత పాలిష్ గీకకుండా దాని మీదే పసుపు రంగు పూశాను. మూడోరోజు పాప గోరు తగిలితే అరటితొక్కలా ఊడొచ్చింది. ఆడపడుచు అన్నది నిజం. ఆ అన్న తీరు మాత్రం నాకిప్పటికీ గిట్టదు.

3. ఆ మూడు సామాన్లూ రంగులక్కకి. అదే కొట్టులో రంగులు వేసే ఆవిడకి పాప పెట్టిన పేరది. నాలుగు రోజులు మా ఇంటికొచ్చింది. నేను పూసిందంతా గీకి, పగుళ్లలో లప్పం పెట్టి, ఉప్పుకాగితం పట్టి, ప్రైమర్ కొట్టి, రెండు పూతలు వేసింది. పాప పక్కనే కూర్చుని సొరుగు రుద్దేది. "మెల్లగా తల్లీ, చెక్క ఏం పాపం చేసింది!" అనేది రంగులక్క. పక్క గదిలో నేను ఆడవాళ్ల కనిపించని శ్రమ గురించి రాసుకుంటున్నాను.

తర్వాత ఆవిడ నాలుగు రోజులనీ నావిగా రాసేశాను. ఆ వ్యాసంలో "నేను" అన్న మాట పందొమ్మిది సార్లుంది. కూలి ఇచ్చాను కదా అని సర్దిచెప్పుకున్నాను. యజమానులు ఈ మాటే అంటే చీల్చి చెండాడింది నేనే.

చుట్టాలు గది చూడ్డానికొచ్చినప్పుడు ఏడేళ్ల పాప, "అక్క కదమ్మా వేసింది?" అంది. నేను నవ్వి, "అక్క ఉప్పుకాగితం ఇచ్చి వెళ్లింది, అంతే" అన్నాను. ఎవరూ చూడకుండా దాని తొడ గిల్లాను కూడా.

అప్పటి నుంచి ఆ కొట్టున్న వీధి తప్పించి చుట్టూ తిరిగి వెళ్తున్నాను. సామాన్లు ఆవిడ వద్దంటే బతిమాలొద్దు.

4. ఐదేళ్లకి ఆ వ్యాసాన్ని బడిపిల్లలకి పాఠంగా పెట్టారు. పరీక్షలో ప్రశ్న: తల్లి తన చేతులతో ఏ పనులు చేసింది? నా కూతురు జవాబు రాసింది, ఐదుకి ఐదు వచ్చాయి. ఆ కాగితం నా ముందు పెట్టి, "నువ్వు రాసిందే రాశానమ్మా" అంది. గొంతులో కోపం కూడా లేదు. లోకంలోని దోపిడీ అంతటి మీదా నోరేసుకుని పడే నేను, "శెభాష్" అన్నాను.

కాబట్టి తల్లీ, నీకు ఇల్లు కాక ఇది కూడా రాసిస్తున్నాను: ఆ జవాబు తప్పు, ఆ తప్పు నాది. ఏడేళ్లప్పుడు నువ్వు చెప్పిందే నిజం.

చచ్చాక నిజం చెప్పేవాళ్లని పిరికిపందలని తిట్టాను చాలాసార్లు. అందుకే నా డిమాండ్లు:

బడిపిల్లల పాఠాల్లోంచి నా వ్యాసం తీసేయాలి.

అచ్చువేసే పెద్దమనిషి సవరణని చివరి పేజీలో చీమల్లాంటి అక్షరాల్లో దాచకూడదు, మొదటి పేజీలో వేయాలి.

చెల్లెలు ఈ కాగితాన్ని నేను పోయేదాకా దాచకూడదు. ఈ ఆదివారమే రంగులక్క ముందు, నా కూతురి ముందు పైకి చదవాలి.

నేనూ అక్కడే కూర్చుంటాను.

చదువుతున్నంతసేపూ నన్ను నోరెత్తనివ్వకూడదు.

తేదీ: పదిహేడు, గురువారం.
సంతకం: పాప తల్లి
సాక్షులు: కింది వాటా దర్జీ, ఎదురింటి నర్సు. ఇద్దరూ నేను సంతకం చేస్తుంటే చూశారు, లోపలిది చదవలేదు.