మా వీధి చివరి గోడలో ఒక గేటు కోసం

పురపాలక సంఘ రహదారుల విభాగం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా వీధికి అడ్డంగా కట్టిన గోడలో స్ట్రెచర్ పట్టేంత గేటు పెట్టించవలసిందిగా ప్రార్థన.

పాత వీధి ఆఖరి ఇంట్లో నేను, నా చెల్లెలు, మా కడగొట్టు తమ్ముడు ఉంటున్నాము. తమ్ముడు ఇంట్లోనే కర్టెన్లు కుడతాడు. వాడికి ఉబ్బసం. ఇంటికి పెద్దదాన్ని గనుక ఈ అర్జీ నేను పెట్టుకుంటున్నాను.

1. మా వీధి మునుపు నేరుగా పెద్ద రోడ్డులో కలిసేది. ఆసుపత్రి ఆ రోడ్డు మీదే ఉంది. ఊరు పెరిగి చుట్టూ కొత్త కాలనీలు వచ్చాయి. కాలనీకో గోడ, గోడకో గేటు. ఏ వీధీ పక్క వీధిలో కలవదు. మా వీధికీ అడ్డంగా గోడ లేచింది. కనపడే ఆసుపత్రికి ఊరంతా చుట్టి పోవలసి వస్తున్నది.

2. ఫోనులో మ్యాపుకు గోడ సంగతి తెలియదు. అంబులెన్సు వచ్చి గోడకు అవతలే ఆగుతుంది. పోయిన నెల ఒక మధ్యాహ్నం తమ్ముడికి ఊపిరి అందలేదు. డ్రైవరు అవతలి నుంచి, "మీ ఇల్లు కనపడుతోందమ్మా, దారే కనపడట్లేదు" అని కేకేశాడు. అంబులెన్సు చుట్టి వచ్చేదాకా తమ్ముడు ఆగేలా లేడు. వాణ్ణి కర్టెను గుడ్డలో కట్టి, నిచ్చెన వేసి, గోడ మీదుగా అందించాము. చెల్లెలు పైన, నేను కింద. నా నోట్లో ప్రార్థన సగంలోనే ఆగిపోయింది.

ఆసుపత్రిలో ఊపిరి తిరిగాక వాడన్న మొదటి మాట: "పెద్దక్కా, చిన్నప్పుడు గోడ దూకితే కాళ్లు విరగ్గొడతానన్నావు. ఇప్పుడు నువ్వే దూకించావు." నవ్వాను. బయటికి వచ్చాక, సగంలో ఆగిన ప్రార్థన పూర్తి చేశాను.

3. అప్పటి నుంచి నిచ్చెన గోడకు ఆనించే ఉంచుతున్నాము. కుట్టుమిషను చప్పుడు వినపడుతున్నంతసేపూ వాడు బాగున్నట్టు. ఆగిందంటే చేతిలో పని వదిలి పరుగెత్తుతాము. ఇంతలో, నిచ్చెన ఉంటే దొంగలు ఎక్కుతారని కాలనీ సంఘం వారు గోడ ఎత్తు పెంచుతున్నారు. సంఘం పెద్ద గారిని అడిగితే, "మా చేతిలో ఏముందమ్మా, ఆఫీసులో అడుక్కోండి" అన్నారు. "ఆ ఆఫీసు గోడకు ఎటువైపుందండీ?" అని మా చెల్లెలు అడిగి వచ్చింది. అది మర్యాద కాదని దానికి చెప్పాను.

కావున తమరు దయచేసి వీధిని తిరిగి తెరిపించగలరు. అది కుదరనిచో గేటయినా పెట్టించగలరు. తాళం వారే వేసుకోవచ్చు, ఒక తాళంచెవి మాకిప్పిస్తే చాలును. ప్రాణభయంతో విన్నవించుకున్నది, చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
గోడ పక్క ఇంటి పెద్దక్క

తా.క.: ఇది మడిచేలోగా మేస్త్రీ వచ్చాడు. "నిచ్చెన తీసేయండమ్మా, రేపు పైన గాజుపెంకులు గుచ్చుతాం" అన్నాడు. ఒక మనిషిని దాటించేంత మేర వదిలెయ్యి నాయనా అన్నాను. "పైనుంచి ఎవరైనా చెబితే వదిలేస్తా, నాదేం పోయింది" అన్నాడు. అతని నంబరు వెనక రాశాను. అయ్యా, గేటు సంగతి తరువాత చూద్దురుగాని. ముందు ఆ ఒక్క ఫోను చేయించండి.

లోపల మిషను చప్పుడు ఆగింది.